కైండ్లీ రివర్ట్

పోయిన వారం మనం గిరిజను ఒక ఉత్తరం ముందు కూర్చోబెట్టి మన దారిన మనం వచ్చేశాం. రెండు రోజులైంది, పాపం ఆ పిల్ల ఇంకా దాని ముందే కూర్చుని ఉంది. ఉత్తరం హార్లన్ ఫాల్స్ కాలేజీ నుంచి వచ్చింది. సెప్టెంబరు పదో తారీఖు శనివారం గిరిజ చదివే కెల్‌బర్న్ కాలేజీకి వచ్చి ఫుట్‌బాల్ ఆడతామని మాటిచ్చినవాళ్లు, ఉన్నట్టుండి, 'మీ ఆఫీసు కోరినట్టే ఆ తేదీ వదులుకున్నాం, వేరే కాలేజీతో కుదుర్చుకున్నాం' అని రాశారు. కెల్‌బర్న్ ఆఫీసులో అలా కోరినవాళ్లు ఎవరూ లేరు. కోచ్ హాలరన్ ఆ ఉత్తరం చదివి బల్ల మీద పడేసి, "మార్విన్ నాతో ఇరవై ఏళ్లు స్నేహం చేసి ఇవాళ అబద్ధం ఆడుతున్నాడు" అన్నాడు. మార్విన్ అంటే హార్లన్ ఫాల్స్ కోచ్.

ఫుట్‌బాల్ అంటే అమెరికాలో కాలితో తన్నే ఆట కాదని, కోసుగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని ఒకరి మీద ఒకరు పడే ఆట అని గిరిజకు ఏణ్ణర్థం కిందటి వరకు తెలీదు. ఒంగోలులో ఆమె చూసిన ఆటల్లా క్రికెట్టే, అదీ తమ్ముడు రిమోట్ ఇవ్వకపోతే. ఇల్లినాయ్ రాష్ట్రంలో, అరోరా ఊరికి పడమర ముప్పావుగంట దూరంలో, చుట్టూ మొక్కజొన్న చేలున్న ఈ చిన్న కాలేజీలో మాస్టర్స్‌కి చేరితే, ఫీజు కట్టక్కర్లేని అసిస్టెంట్‌షిప్ ఒక్క ఫుట్‌బాల్ ఆఫీసులోనే ఖాళీగా ఉంది. అలా చేరిన పిల్ల ఇప్పుడు ఏ జట్టుతో ఏ శనివారం ఆడాలో కుదిర్చే కాగితాలన్నీ చూస్తోంది. ఉత్తరం చూసిన దగ్గర్నుంచి అన్నం సహించడం లేదు.

గురువారం పొద్దున్న పదింటికి ఆమె రాధాకృష్ణ గారి గది తలుపు తట్టింది. ఆయన స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్. తెనాలి నుంచి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఆటల్లో పడి పిల్లల చదువులు చట్టుబండలు కాకుండా చూసే పెత్తనం కూడా కాలేజీవాళ్లు ఆయన నెత్తినే పెట్టారు. గిరిజకు ఆ అసిస్టెంట్‌షిప్ ఇప్పించింది ఆయనే.

"మెయిల్స్ అన్నీ వెతికాను సర్. జనవరి నుంచి హార్లన్ ఫాల్స్‌కి మన ఆఫీసు నుంచి వెళ్లినవి నాలుగే. డేట్ క్యాన్సిల్ చెయ్యమని ఎవరూ రాయలేదు. ఇదిగోండి, ప్రింట్ తీసుకొచ్చాను."

ఆయన మొదటి మూడూ గబగబా చదివి పక్కన పెట్టారు. నాలుగోది చదివారు. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చదివారు.

"ఇది రాసిందెవరమ్మాయ్?"

"నేనేనండీ. మార్చి పద్దెనిమిదిన. ఆట మధ్యాహ్నం ఒంటిగంటకా, సాయంత్రం ఆరింటికా అని కనుక్కోమన్నారు కోచ్. వాళ్లకి బస్‌లో అయిదు గంటల డ్రైవ్ కదా. ముందు మెయిల్ పెట్టి, తర్వాత మాట్లాడదామని..."

"పైకి చదువు."

చదివింది. "డియర్ సర్, వుయ్ హావ్ ఎ డౌట్ రిగార్డింగ్ ద సెప్టెంబర్ టెన్త్ గేమ్. కైండ్లీ రివర్ట్ ఎట్ ది ఎర్లియస్ట్."

చదివి తలెత్తింది. అందులో తప్పేమిటో ఆమెకు అర్థం కాలేదు. ఒంగోలులో ఏ ఆఫీసులో గుమాస్తా అయినా ఇంతకన్నా మర్యాదగా రాయలేడు.

రాధాకృష్ణ గారు ముందు నవ్వారు. నవ్వీ నవ్వీ, గిరిజ మొహం చూసి ఆపారు. "కూర్చో అమ్మాయ్. మనూళ్లో డౌట్ అంటే ఏంటి? అడగాల్సిన ప్రశ్న. టీచర్ దగ్గరికెళ్లి డౌట్ అడుగుతాం. ఇక్కడ డౌట్ అంటే అపనమ్మకం. ఆ ఆట మీద మాకు నమ్మకం లేదు అని రాశావు నువ్వు."

"మరి రివర్ట్ అంటే జవాబివ్వమని కదండీ?"

"అది మన ఆఫీసుల్లో. ఇక్కడివాళ్లకి రివర్ట్ అంటే వెనక్కి మళ్లడం. రెండూ కలుపు. మాకు ఆ ఆట మీద నమ్మకం లేదు, దయచేసి వీలైనంత తొందరగా వెనక్కి మళ్లండి. ఆ మార్విన్ ఏం చేశాడు? దయచేశాడు."

గిరిజ ఆ రెండు వాక్యాలూ మళ్లీ చదువుకుంది. చిన్నప్పట్నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఇంగ్లీషులో క్లాస్ ఫస్ట్. ఆ ఇంగ్లీషే ఇవాళ ఇలా కొంప ముంచుతుందని ఎవరనుకున్నారు!

"నేను మాత్రం తక్కువ తిన్నానా?" అన్నారాయన, ఆమె మనసు కాస్త తేలిక చెయ్యాలని. "ఎనభై ఒకటిలో మొదటి క్లాసు. పాఠం అయిపోయాక గర్వంగా ఎనీ డౌట్స్ అని అడిగాను. ముందు వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తి, స్టాటిస్టిక్స్ మీదా, మీ మీదా అంది. వారం రోజులు నిద్ర పట్టలా."

గిరిజ నవ్వలేదు. "కోచ్‌కి చెప్పేస్తాను సర్" అంది.

ఆయన మొహంలో నవ్వు పోయింది. లేచి తలుపు దగ్గరగా వేశారు. "తొందరపడకు. మూడింటికి కాలేజీ ప్రెసిడెంట్ దగ్గర మీటింగ్. ఆట ఎలా పోయిందో హాలరన్ సంజాయిషీ చెప్పుకోవాలి. అక్కడ ఎవరో ఒకరి పేరు కావాలి వాళ్లకి. నీ పేరు దొరికిందా, అసిస్టెంట్‌షిప్ పోతుంది. అది పోతే వచ్చే ఫాల్ సెమిస్టర్‌కి ఫీజు కట్టలేవు, ఫీజు కట్టకపోతే వీసా లేదు. ఆ కాగితం నా దగ్గరుంచు. నోరు మెదపకు."

"కోచ్ ఆ మార్విన్ గారిని అబద్ధాలకోరు అంటున్నారండీ. ఇరవై ఏళ్ల స్నేహితుణ్ణి."

"స్నేహాలు మళ్లీ అతుక్కుంటాయి. నీ వీసాకి ఆధారమైన ఐ-ట్వంటీ కాగితం అతుక్కోదు."

రాధాకృష్ణ గారు చెడ్డవారు కాదు. ముప్పై ఏళ్లలో ఇలా సామాన్లు సర్దుకుని వెళ్లిపోయిన పిల్లల్ని చాలామందిని చూశారు, అందుకే భయం. గిరిజ ఆ కాగితం ఆయన చేతిలోంచి మెల్లిగా తీసుకుని, దణ్ణం పెట్టి బయటికొచ్చింది.

ఫుట్‌బాల్ ఆఫీసుకి దగ్గర దారి మైదానం పక్క నుంచే. ఏప్రిల్ ఎండ బాగానే ఉన్నా గాలి చలిగా ఉంది. ఖాళీ గ్యాలరీలో మొదటి మెట్టు మీద కూలబడింది. ఒక్క శనివారం కోసం ఇంత గొడవా అని ఎవరైనా అంటే, ఏణ్ణర్థం కింద తనూ అనేది. ఇప్పుడు అనదు. ఉద్యోగంలో చేరిన వారం కోచ్ ఆమెను గోడ మీది తెల్ల బోర్డు ముందు నిలబెట్టి చెప్పిన పాఠం అలా గుర్తుండిపోయింది.

సీజన్‌లో పది శనివారాలు. ఎనిమిది లీగ్‌వి. ఎవరితో, ఎక్కడ, ఎప్పుడు ఆడాలో లీగ్ ఆఫీసే రాసి పంపుతుంది, అందులో మన ఇష్టాయిష్టాలు లేవు. మిగిలినవి రెండు, సీజన్ మొదట్లోనే. ఆ రెండే మన చేతిలో ఉన్నవి. "పెద్ద కాలేజీలు వాటిని టీవీ కోసం వాడుకుంటాయి. మనలాంటి వాళ్లం బతకడానికి వాడుకోవాలి" అన్నాడు కోచ్.

మూడేళ్ల కింద కెల్‌బర్న్‌లో ఫుట్‌బాల్ మొదలుపెట్టినప్పుడు అప్పటి పెద్దమనిషి ఒకాయన, పేరొస్తుందన్న ఆశతో ఆ రెండు శనివారాలకీ రెండు కొమ్ములు తిరిగిన జట్లని తెచ్చాడు. అరవై రెండు - సున్నా. యాభై అయిదు - మూడు. అక్టోబరు వచ్చేసరికి అరవై ఒక్కమందిలో ఇరవై నాలుగుమంది హెల్మెట్లు తిరిగిచ్చేశారు. అందులో పధ్నాలుగుమంది కాలేజీయే మానేశారు. తొమ్మిదివందల మంది చదివే కాలేజీకి పధ్నాలుగుమంది పోవడం చిన్న విషయం కాదు. హాలరన్‌ని తీసుకొచ్చింది ఆ తర్వాతే.

గిరిజ ఆ లెక్కని ఇంకాస్త ముందుకి తీసుకెళ్లింది. తమలాంటి చిన్న కాలేజీలు నలభైయింటి పాత రికార్డులు తీసి చూసింది. మొదటి రెండు ఆటల్లో కనీసం ఒకటి తమ సత్తాకి సరితూగే జట్టుతో, సొంత మైదానంలో ఆడినచోట, కొత్తగా చేరిన కుర్రాళ్లు చివరిదాకా నిలబడ్డారు. గెలవాలనే కాదు. ఓడినా సరే, చివరిదైన నాలుగో క్వార్టర్ దాకా ఏమవుతుందో తెలియకుండా ఆడితే చాలు, మళ్లీ సోమవారం ప్రాక్టీసుకి వస్తారు. ఇల్లొదిలి వచ్చి మూడు వారాలైన పిల్లలు, చూడటానికొచ్చిన అమ్మానాన్నలు, కొత్త హాస్టల్ స్నేహితులు, వాళ్లందరి ముందు అలాంటి ఆట ఒకటి పడాలి. అందుకు హార్లన్ ఫాల్స్ కన్నా సరైనవాళ్లు దొరకరు. వాళ్లూ నిరుడు రెండే గెలిచారు. ఈ ఏడు మా ఊళ్లో, వచ్చే ఏడు మీ ఊళ్లో అని మాటనుకున్నారు. సంతకాలే మిగిలాయి.

ఈ ఏడాది కూడా పిల్లలు జారిపోతే డిసెంబరులో ఫుట్‌బాల్ ఎత్తేస్తామని కాలేజీ ట్రస్టీలు చెప్పేశారు. అంటే ఆ రెండు వాక్యాల మెయిల్‌తో తను పోగొట్టింది ఒక ఆట కాదు. గిరిజకు ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కదాని కాసేపు ఏడ్చి, మొహం తుడుచుకుని లేచింది.

కోచ్ గదిలో ఒక్కడే ఉన్నాడు. యాభై అయిదేళ్ల మనిషి, నెమ్మదైన మాట. గిరిజ కాగితం ఆయన ముందు పెట్టింది. డౌట్ అంటే ఏమిటో, రివర్ట్ అంటే ఏమిటో, ఒంగోలులో ఒకలా ఇల్లినాయ్‌లో ఇంకోలా ఎలా అయ్యాయో చెప్పింది.

"మార్విన్ అబద్ధమాడలేదు కోచ్. తప్పు నాది. మీరు ఆయన్ని ఏమీ అనొద్దు" అంది.

అరుస్తాడనుకుంది. అరవలేదు. కాగితం వైపు ఒకసారి చూసి, మడతపెట్టి ఫోల్డర్‌లో పెట్టుకున్నాడు. కిటికీలోంచి మైదానం వైపు చాలాసేపు చూశాడు.

"చెప్పడానికి ధైర్యం కావాలి, జిరీజా" అన్నాడు చివరికి. ఆమె పేరు ఏణ్ణర్థంగా ఆయన నోట అలాగే పలుకుతోంది. "నాకు నీ మీద కోపం లేదు."

ఆ మాటకి గిరిజకు మళ్లీ కళ్లనీళ్లు తిరిగాయి. రాధాకృష్ణ గారు అనవసరంగా భయపెట్టారు, ఇంత మంచి మనిషి దగ్గర దాచాలని ఎలా అనుకున్నానా అని సిగ్గుపడింది.

"కానీ ప్రెసిడెంట్‌కి నోటిమాట సరిపోదు. ఇదే విషయం రెండు లైన్లలో రాసి సంతకం పెట్టి ఇస్తావా?"

"తప్పకుండా కోచ్."

అక్కడే కూర్చుని రాసింది. ఈసారి ప్రతి మాటా ఒకటికి రెండుసార్లు చూసుకుంది. సెప్టెంబరు పది నాటి ఆట పోవడానికి నేను పంపిన ఈమెయిల్ కారణం అని రాసి, కాగితం ఆయన వైపు తిప్పింది.

ఆయన చదివి, వేలితో ఒకచోట చూపించాడు. "ఇక్కడ, ఏకైక కారణం అని రాయి. లేకపోతే ఇంకేమైనా ఉన్నాయా అని అడుగుతారు."

గిరిజ ఆ మాట చేర్చింది. సంతకం పెట్టింది. తారీఖు కూడా అమెరికావాళ్లలాగే నెల ముందు, రోజు తర్వాత వేసింది. కోచ్ ఆ కాగితాన్ని ఫోల్డర్‌లో పెట్టుకుని, "మూడింటికి నువ్వూ రా. నీ పక్కన నేనుంటాను" అన్నాడు. బూట్ల లేసులు కట్టుకుని ప్రాక్టీసు చూడటానికి వెళ్లిపోయాడు.

రెండున్నర అయింది. గిరిజ బయటి గదిలో తన బల్ల దగ్గర కూర్చుంది. మనసు తేలికపడింది, కానీ పూర్తిగా కాదు. క్షమాపణ చెప్పుకోవాల్సిన మనిషి ఇంకొకరున్నారు. అబద్ధాలకోరు అనిపించుకున్నది ఆయన కదా. మెయిల్ పెట్టడానికి మాత్రం చేతులు రాలేదు, ఇంక జన్మలో మెయిల్ పెట్టనన్నంత భయం పట్టుకుంది. ఫోన్ తీసి హార్లన్ ఫాల్స్ నంబర్ నొక్కింది.

మార్విన్ టెగ్ స్వయంగా ఎత్తాడు. ముసలి గొంతు, నిదానం. గిరిజ తన పేరు చెప్పి, మార్చిలో ఆ మెయిల్ రాసింది తనేనని, డౌట్ అంటే తమ దేశంలో ప్రశ్న అని, రివర్ట్ అంటే జవాబు అని, తను అడిగింది ఆట ఎన్నింటికని మాత్రమేనని చెప్పింది. "మీకు మా వల్ల మాట వచ్చింది సర్. నన్ను క్షమించండి. వీలైతే ఆ తేదీ మళ్లీ..."



"తేదీ ఇంక రాదు, మిస్. సంతకాలైపోయాయి. మాకంటే రెండింతలు పెద్దవాళ్లతో తగులుకున్నాం. మా పిల్లలకీ మీలాంటి జట్టే కావాల్సింది." ఆయన నిట్టూర్చాడు. "కానీ నువ్వు ఇంత బాధపడటం నాకు అర్థం కావట్లేదు. నీ మెయిల్ చూసి నేను డేట్ వదల్లేదే?"

"అంటే?"

"ఎవరో పిల్ల రాసిన రెండు లైన్లు చూసి ఇరవై ఏళ్ల స్నేహితుడితో ఆట మానుకుంటానా? మెయిల్ చూడగానే జాక్‌కి ఫోన్ చేశాను. అదే రోజు సాయంత్రం. ఏమిటి జాక్, మీవాళ్లకి ఏదో అనుమానంగా ఉందట అన్నాను."

గిరిజ ఫోన్ రెండో చేతిలోకి మార్చుకుంది. జాక్ అంటే కోచ్ హాలరన్. "ఆయన ఏమన్నారు?"

"ముందు ఆశ్చర్యపోయినట్టున్నాడు. కాసేపు ఆగి, అవును మార్విన్, వదిలెయ్, ఆ శనివారానికి నాకు వేరే ఏర్పాటు ఉంది అన్నాడు. ఏమిటని అడిగితే చెప్పలేదు. మెయిల్ ఎలాగూ వచ్చింది కాబట్టి, ఆఫీసు కోరినట్టే అని ఉత్తరంలో రాయమన్నాడు. రాశాను."

గోడ మీద గడియారం మూడుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఏకైక కారణం. ఆ మాట తన చేత్తో తనే రాసింది. పైగా ఆయన మంచితనానికి కళ్లనీళ్లు పెట్టుకుంది. గిరిజకు ముందు తన మీద తనకే అసహ్యం వేసింది, తర్వాత ఒళ్లంతా కోపం పాకింది. ఒంగోలు వదిలిన తర్వాత ఇంత కోపం ఆమెకు ఎప్పుడూ రాలేదు.

"మిస్? ఉన్నావా?"

బయట నడవాలో బూట్ల చప్పుడు వినిపించింది. తలుపు తెరుచుకుంది. కోటు వేసుకుని, చంకలో ఫోల్డర్‌తో కోచ్ హాలరన్ గుమ్మంలో నిలబడ్డాడు. "పద జిరీజా, వేళైంది" అన్నాడు, మృదువుగానే.

ఇప్పుడు ఫోన్ పెట్టేస్తే ఉద్యోగం ఎలాగూ పోతుంది, కానీ ఎవరితోనూ తగువుండదు. పెట్టెయ్యకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఆమె దగ్గర ఏ లెక్కలూ లేవు.

గిరిజ లేవలేదు. కోచ్ కళ్లలోకి చూస్తూనే ఫోన్‌ని బల్ల మీద పెట్టి, స్పీకర్ బటన్ నొక్కింది.

"ఉన్నాను సర్" అంది. "మార్చి పద్దెనిమిది సాయంత్రం మీరు ఎవరికి ఫోన్ చేశారో, వాళ్లేమన్నారో, ఇంకొక్కసారి చెప్పండి."